రెండు పొట్లాల మన్ను

నేను రిటైరైన రోజు దండ వేసి మాట్లాడినవాళ్ళంతా నా నిజాయితీ గురించే మాట్లాడారు. ఒకాయనైతే, నేను వేసిన మార్కును మళ్ళీ దిద్దాల్సిన అవసరం ఏనాడూ రాలేదన్నాడు. నాకు మెడ మీద దురద పుట్టింది. బంతిపూల వల్ల అనుకుని అందరూ దండ తీసెయ్యమన్నారు. తీసేశాను, దురద పోలేదు. ఇది చదివే మీలో చాలామంది ఇప్పుడిప్పుడే కాలేజీ లాబుల్లో చేరినవాళ్ళు. ఆ సభలో చెప్పకుండా మింగేసిన సంగతి మీకైనా చెప్పాలి.

సత్తెనపల్లి ప్రాంతంలో, నల్లరేగడి నేలల మధ్య ఒక ఊళ్ళో కొత్తగా కాలేజీ పెట్టారు. రైతులు భూమి ఇచ్చారు కానీ భవనాలు ఇంకా లేవలేదు. మూతపడిన పత్తి జిన్నింగు మిల్లులో క్లాసులు జరిగేవి. తూకం గది లైబ్రరీ అయింది. గోదాము నా కెమిస్ట్రీ లాబు. పైకప్పు దూలాల మధ్య ఇరుక్కున్న పాత దూది గాలి వీచినప్పుడల్లా ఊడి బీకర్లలో పడేది. హాస్టలు రేకుల షెడ్డు. గురువారం గురువారం ఒక డాక్టరు గారు వచ్చి పిల్లల్ని చూసి వెళ్ళేవారు. నాది పొన్నూరు వైపు, వరి పండే నేల. ఇక్కడ మొదటి వాన పడ్డ రోజున నా చెప్పుల్లో ఒకటి రేగట్లో దిగబడి మళ్ళీ దొరకలేదు. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయింది నాకప్పటికి. అన్నీ తెలుసుననుకునే వయసు.

మా ప్రిన్సిపాలు గారు ఖద్దరు మనిషి, మంచివారు. మంచిపని చేస్తే అది నలుగురికీ కనబడాలని ఆయన కోరిక.

"ఊరివాళ్ళు మనకి భూమిచ్చారు. మనం వాళ్ళకేం ఇచ్చాం?" అని ఒకరోజు స్టాఫునంతా కూర్చోబెట్టి అడిగారు. మేం నేలచూపులు చూశాం. ఆయనే జవాబు చెప్పారు. సాయంత్రాలు లైబ్రరీలో ఊరివాళ్ళు కూర్చుని పేపరు చదువుకోవచ్చు. గురువారం డాక్టరు గారి దగ్గరికి ఎవరైనా రావచ్చు. ఆడవాళ్ళకి కుట్టుపని క్లాసు. ఇక నాలుగోది నాది. చుట్టుపక్కల రైతుల పొలాల మన్ను తెచ్చి, అందులో చౌడు ఎంతుందో పరీక్ష చేసి, ఏ పైరుకి పనికొస్తుందో కాగితం మీద రాసివ్వాలి. విద్యార్థులు శనివారాలు ఊళ్ళకి పోయి మన్ను పొట్లాలు కట్టించుకుని వస్తారు.

పిల్లలు మొదటి శనివారం ఖాళీ చేతులతో తిరిగొచ్చారు.

"మన్నెందుకు మీకు? అని గదుముతున్నారు సార్," అన్నాడొక విద్యార్థి. "ఎవడికెంత పొలముందో గవర్నమెంటుకి రాసి పంపడానికి వచ్చారా అంటున్నారు."

భూముల మీద గరిష్ఠ పరిమితి వస్తుందని అందరూ గుసగుసలాడుకుంటున్న రోజులవి. కాగితం, కలం పట్టుకుని ఎవడొచ్చినా రైతుకి అనుమానమే. మరుసటి వారం కొందరు మన్నిచ్చారు కానీ దొంగ పేర్లు చెప్పారు. ఇంకొందరు పొలంలో మన్ను ఇవ్వకుండా గొడ్లసావిట్లో మన్ను ఎత్తి ఇచ్చారు. దాంతో నాకూ అనుమానాల జబ్బు పట్టుకుంది. పిల్లలు ఊళ్ళకి పోకుండా ఆటస్థలంలోనే తవ్వి పది పేర్లు రాసుకొస్తున్నారేమో అనుకున్నాను. ఇద్దరు నిజంగానే అలా చేసి దొరికారు. దాంతో నా అనుమానాలన్నీ నిజాలేనని నాకు ధైర్యం వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ అనుమానం నాకు మా లాబ్ అటెండరు మీద. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఊరి పక్క పాలెంలో మనిషి. చర్చి బడిలో ఎనిమిది దాకా చదివాడు. ఎక్కువ మాట్లాడడు. మా కాలేజీ బావి నీళ్ళు ఉప్పు. కాబట్టి పరీక్షలకి కావలసిన డిస్టిల్డ్ వాటరు అతనే కట్టెల పొయ్యి మీద తీసేవాడు. పొట్లాలకి నంబర్లు వేసేది, సీసాలు కడిగేది అతనే. లాబు వెనకాల మట్టి కుప్ప ఒకటి రోజురోజుకీ పెరుగుతుంటే, అందులో కనకాంబరాలు మొలుస్తుంటే నేను గమనించాను. పరీక్ష చెయ్యని పొట్లాలు కూడా తన పూలమొక్కలకి పారబోస్తున్నాడని తేల్చుకున్నాను. డిస్టిల్డ్ వాటరు తాగేస్తున్నాడని కూడా అనుమానించి, సీసా మీద నీళ్ళ మట్టానికి పెన్సిలుతో గీత పెట్టాను. మర్నాడు చూస్తే నా గీత పక్కనే చక్కటి అక్షరాలతో తారీఖు రాసి ఉంది. రాసి ఊరుకున్నాడంతే.

అతను అగ్రహారం మనిషో, మా బంధువుల పిల్లాడో అయ్యుంటే సీసా మీద గీత పెట్టేవాణ్ణా? పెట్టేవాణ్ణి కాదు. ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ప్రిన్సిపాలు గారి చెవిలో మాత్రం ఒకసారి వేశాను.

"ఆ అటెండరు మీద ఒక కన్నేసి ఉంచాలండీ."

"ఏం? ఏమన్నా చేశాడా?"

"చేశాడని కాదండీ. ముందుజాగ్రత్త."

పరీక్ష పెద్ద కష్టమైంది కాదు. మన్నుని డిస్టిల్డ్ వాటర్లో కలిపి వడగట్టి, ఆ తేటలో రెండు చుక్కలు ఆసిడ్ వేసి, ఆపైన సిల్వర్ నైట్రేట్ వెయ్యాలి. ఉప్పుంటే తెల్లబడుతుంది. ఎంత ఉప్పుంటే అంత తెలుపు. ఆ సిల్వర్ నైట్రేట్ వేళ్ళకి తగిలితే నల్లమచ్చలు పడి వారం దాకా పోవు.

ఆగస్టులో యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చింది. కాలేజీకి గుర్తింపు ఉంచాలో తియ్యాలో వాళ్ళు తేలుస్తారు. ప్రిన్సిపాలు గారు మట్టి రిపోర్టులన్నీ బల్ల మీద దొంతరగా పెట్టి చూపిద్దామన్నారు. సరిగ్గా అప్పుడే నా సిల్వర్ నైట్రేట్ అయిపోయింది. మద్రాసు నుంచి రావాలి, ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. అరవై మూడు పొట్లాలు మిగిలున్నాయి.

ప్రిన్సిపాలు గారికి చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన విసుక్కునేవారు, అంతే. కానీ "అయిపోయాయా? అయిపోయాయా?" అని రోజూ అడిగే మనిషికి కాలేదని చెప్పడం నా చేత కాలేదు. ఒక మధ్యాహ్నం కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో పొట్లం విప్పి, మన్ను రంగు చూసి, వేళ్ళతో నలిపి, రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. పొట్లం మీద ఊరిపేరు చూసేవాణ్ణి. వాగు పక్క పల్లపు ఊరైతే చౌడని రాశాను. మెరక ఊరైతే మంచి నేలని రాశాను. పది రాసేసరికి, నాకు నిజంగానే చూస్తే తెలిసిపోతోందని అనిపించసాగింది.

అటెండరు ట్రేలో సీసాలు పెట్టుకుని వచ్చి ఆగాడు.

"ఇయ్యి ఇంకా వడగట్టలేదు గదండీ?"

"అయిపోయాయి. పొద్దునే చేశాను."

అతను నా చేతివేళ్ళకేసి చూశాడు. నెలరోజులుగా ఆ వేళ్ళ మీద ఒక్క నల్లమచ్చ లేదు. సీసాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కమిటీ వచ్చింది. దొంతర చూసింది. మెచ్చుకుంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

రిపోర్టులన్నీ ఊళ్ళకి వెళ్ళాయి. పది రోజుల తరవాత ఒకావిడ లాబులోకి నేరుగా వచ్చింది. యాభై దాటిన మనిషి, కొంగు నడుముకి చుట్టి దోపింది. భర్త పోయాక మిరప చేలు తనే సాగు చేయించుకుంటోందని తరవాత తెలిసింది.

"మన్ను చూసే మేష్టారు నువ్వేనా?"

"నేనేనండి. కూర్చోండి."

కూర్చోలేదు. రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. "ఇది నా పేరు. ఇది మా ఆయన పేరు. చదువు."

చదివాను. ఆవిడ పేరు మీద ఉన్నది మంచి నేల, మిరపకి పనికొస్తుంది. భర్త పేరు మీద ఉన్నది చౌడు, జిప్సం వెయ్యాలి, ఈ ఏడు మిరప వెయ్యవద్దు.

"మీవారి పొలంలో ఉప్పు ఎక్కువుందండీ. ఆయన్ని ఒకసారి రమ్మనండి, వివరంగా చెబుతాను."

"ఆయన పొయ్యి ఆరేళ్ళయింది. ఆయనకి జిప్సం వెయ్యమని రాశావు నువ్వు."

కాగితాల మీద పేర్లు మళ్ళీ చూశాను.

"రెండు పొట్లాలూ ఒక గుంటలోయే," అంది. "ఒక్క పారకి లేచిన మన్ను రెండు కాగితాల్లో పోశా. రెండోదాని మీద మా అత్తగారి ఊరు పేరు చెప్పా. ఆ ఊరు వాగు పక్కన. మిరపకాయలు కొనేవాడు బస్తా పైన కాయ చూసి బేరం చేస్తాడా? అడుక్కంటా చెయ్యి పెట్టి తీసి చూస్తాడు. నేనూ అట్టాగే చూశా. ఇప్పుడు చెప్పు, ఏది నమ్మాల నేను?"

"ఎక్కడో పొరపాటు జరిగుంటుందండీ. పొట్లాలు మారి ఉంటాయి," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. అటెండరు కిటికీ దగ్గర సీసాలు తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

ఆవిడ తిన్నగా ప్రిన్సిపాలు గారి గదికి పోయింది. ఆయన అటెండరుని పిలిపించారు. నేనూ వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను.

"పొట్లాలు కలిపేశావా?"

"లేదండి."

"మరి ఒకే మన్నుకి రెండు రకాల ఫలితం ఎట్లా వస్తుంది?"

అతను నా వైపు చూశాడు. ఎంతోసేపు చూడలేదు. ఒక మనిషి తలుపు తీసి లోపల ఎవరైనా ఉన్నారా అని చూసి మళ్ళీ మూసినంత సేపు.

"నాకు తెలిసింది నంబర్లేనండి. నంబర్లు తప్పు పడలేదు."

"తప్పు ఒప్పుకుంటే సరిపోయేది," అన్నారు ప్రిన్సిపాలు గారు. నా వైపు తిరిగి, "మీరు ముందే హెచ్చరించారు. నేనే పట్టించుకోలేదు," అన్నారు.

సోమవారం కాలేజీ కమిటీ పెద్దలు కూర్చుని తేల్చేదాకా అటెండరుని పనిలోకి రావద్దన్నారు.

ఆ అయిదు రోజులూ నా సీసాలు నేనే కడుక్కున్నాను. మూడో రోజు ఫిల్టరు కాగితాల కోసం వెతుకుతూ గోదాము అటక ఎక్కాను. అక్కడ పాత చెక్కపెట్టెల్లో, ఊరి వారీగా, నంబరు వారీగా, మేం తెచ్చిన ప్రతి పొట్లమూ ఉంది. ప్రతి మన్నులోంచి సగం తీసి, వచ్చిన కాగితంలోనే తిరిగి కట్టి, దారం ముడేసి దాచాడు. వెనక కుప్పలోకి పోయేది పరీక్ష అయ్యాక మిగిలిన బురద. నేనన్ని రోజులూ దొంగ అనుకున్న మనిషి చేసిన పని అది.

సిగ్గుపడ్డానని రాయాలని ఉంది. నిజం రాస్తాను. ఆవిడ ఇచ్చిన రెండు పొట్లాలూ వెతికి చేతిలోకి తీసుకున్నాను. ఈ రెండూ లేకపోతే ఇక ఎవరూ ఏమీ నిరూపించలేరు అనుకున్నాను. కాసేపు అలాగే నిలబడ్డాను. తరవాత వాటిని ఉన్నచోటే పెట్టేశాను. మంచితనం అడ్డొచ్చి కాదు. అతను వీటిని లెక్కపెట్టుకుని ఉంటాడేమో, ఒకటి తగ్గినా కనిపెడతాడేమో అని అనుమానం వచ్చింది. దిగి వచ్చాను. మర్నాడు మద్రాసు నుంచి సిల్వర్ నైట్రేట్ సీసా వచ్చింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున పదింటికి లాబులోనే కూర్చున్నారు. కమిటీ ప్రెసిడెంటు గారు, ఇంకో ఇద్దరు పెద్ద రైతులు, ప్రిన్సిపాలు గారు. ఆవిడ బెంచీ అంచున కూర్చుంది. అటెండరు గుమ్మం బయట నిలబడ్డాడు. అతన్ని లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ప్రిన్సిపాలు గారు జరిగింది చెప్పి, అటెండరు అజాగ్రత్త వల్ల పొట్లాలు మారాయనీ, కాలేజీ తరఫున క్షమాపణ అనీ ముగించబోయారు.

"ఆగండి," అంది ఆవిడ. "ఈ కాయితాల మీద సంతకం ఎవురిది?"

"మేష్టారిదే. అయితే తప్పు పొట్లం చేతికిస్తే ఆయనేం చేస్తారమ్మా?"

"తప్పు పొట్లమిచ్చాడని ఎవురు చూశారు?"

ప్రిన్సిపాలు గారు ప్రెసిడెంటు గారి వైపు చూశారు.

"ఆ పొట్లాలు తెప్పించండి. చూద్దాం."

"అవి ఇంకా ఎక్కడుంటాయమ్మా?" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"ఉన్నాయండి," అని గుమ్మం బయటి నుంచి వినబడింది. "సగం సగం దాచానండి. అన్నీ."

"ఎవరు దాచమన్నారు నిన్ను?" అడిగారు ప్రెసిడెంటు గారు.

"ఎవరూ చెప్పలేదండి. రేపెవరన్నా అడిగితే చూపించడానికి ఉండాలి గదా అని."

అటకెక్కి, ఎక్కినంత తొందరగా దిగి, రెండు పొట్లాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దారాలు తనే విప్పింది. కాగితాలు వెలుతురుకి పట్టి చూసింది. రెండిటి మీదా పిల్లల చేతిరాతలో అ ఆ ఇ ఈలు దిద్ది ఉన్నాయి.

"మా మనవరాలి కాపీ పుస్తకంలో కాయితాలే. నేను చింపినయ్యే. నంబర్లు చూడండి, మేష్టారిచ్చిన కాయితాల మీద ఉన్నయ్యీ ఇయ్యీ ఒకటేనా?"

ఒకటే.

"అయితే చెయ్యి," అంది నాతో. "మా ముందర చెయ్యి."

మన్ను తూచి నీళ్ళలో కలిపి రెండు గరాటుల్లో పోశాను. రేగడి మన్ను త్వరగా వడకట్టుకోదు. ఒక్కో చుక్క పడటానికి యుగం పట్టినట్టుంటుంది. అందరూ ఆ రెండు గరాటుల కిందికే చూస్తున్నారు. బయట హాస్టలు పిల్లలు కబడ్డీ ఆడుకుంటున్న అరుపులు. చుక్క పడింది. మళ్ళీ ఆగింది. నేను వెనక్కి తిరిగితే గుమ్మంలో అటెండరు. అతను గరాటుల్ని చూడటంలేదు. బల్ల అంచున నేను పెట్టిన తడి చెంచాని చూస్తున్నాడు, తీసి కడగాలా వద్దా, తను ఇప్పుడు పనిలో ఉన్నట్టా లేనట్టా అన్నట్టు.

చెంచా మీదున్న ఆ చూపుకే నా ఓపిక అయిపోయింది.

"వడగట్టక్కర్లేదండీ," అన్నాను. "పొట్లాలు మారలేదు. నేను పరీక్ష చెయ్యలేదు. మందు అయిపోతే, ఊరి పేర్లు చూసి రాసేశాను. అతని తప్పు ఏమీ లేదు."

ప్రిన్సిపాలు గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ప్రెసిడెంటు గారు ఏదో అనబోయారు. ఆవిడ చెయ్యెత్తింది.

"మందు పొయ్యి," అంది నాతో.

"నేను చెబుతున్నాను కదండీ."

"అప్పుడు కాయితం మీద చెప్పావు, ఇప్పుడు నోటితో చెప్తన్నావు. ఇది నిజమని నాకేం తెలుసు? పొయ్యి, చూద్దాం."

పోశాను. అప్పటిదాకా దిగిన తేట చాలింది. రెండు చుక్కలు నా వేళ్ళ మీద కూడా పడ్డాయి. రెండు ట్యూబులూ ఒకేలాగ, పలచగా, బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళలాగ తెల్లబడ్డాయి. ఏ తేడా లేదు.

"ఆ నీళ్ళే తెల్లబడతాయేమో. ఉత్త నీళ్ళల్లో కూడా పొయ్యి," అంది.

ఉత్త నీళ్ళతో పోల్చి చూడటాన్ని మా శాస్త్రంలో బ్లాంక్ అంటారు. క్లాసులో పిల్లలకి నేను నూరిపోసే సంగతే. నేను మరిచిపోయాను, ఆవిడ అడిగింది. అటెండరు తీసిన డిస్టిల్డ్ వాటర్లో పోశాను. అద్దంలాగ తేటగా ఉండిపోయింది.

"మంచి నేలే," అంది ఆవిడ, మొట్టమొదటిసారి కాస్త మెత్తగా. అన్నది నేల గురించి.

ప్రెసిడెంటు గారు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యాలా అని అడిగారు. అడిగింది ప్రిన్సిపాలు గారిని కాదు, ఆవిణ్ణి.

"ఈయన్ని తీసేస్తే నాకేమొచ్చుద్ది?" అని నా వైపు తిరిగింది. "ఇంకెన్ని కాయితాలు ఇట్టా రాశావు?"

"మొత్తం అరవై మూడు."

"అన్ని ఇళ్ళకీ పో. కాయితం వెనక్కి తీసుకో. చెయ్యకుండా రాశానని నీ నోటితో చెప్పు. మళ్ళా మన్ను తీసి మళ్ళా చెయ్యి." లేచి కొంగు బిగించుకుంటూ అటెండరుని చూపించింది. "ఈయన్ని కూడా తీసుకుపో. నువ్వొక్కడివే పోతే, పొయ్యావో లేదో మాకేం తెలుసు?"

అలా ఆదివారాలు ఇద్దరం సైకిళ్ళ మీద బయలుదేరాం. మొదటి రోజు పొద్దున లాబులో అతనితో, "నన్ను క్షమించు. నా వల్ల నీకు," అని మొదలుపెట్టాను. అతను సంచిలో ఖాళీ కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ముందు ఏ ఊరండీ?" అన్నాడు.

కొందరు మమ్మల్ని చూసి నవ్వారు. "మాకు ముందే తెలుసు," అన్నారు కొందరు. ఒకాయన మా కాగితంలో పొగాకు చుట్టి దాచుకున్నాడు. దొంగ పేర్లిచ్చినవాళ్ళ కోసం ఊరంతా అడుగుతూ తిరిగాం. గొడ్లసావిడి మన్ను ఇచ్చినాయన, తన అబద్ధమూ నా అబద్ధమూ ఒకదానికొకటి సరిపోయాయని మమ్మల్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టించాడు. "ఈ కాగితం పరీక్ష చెయ్యకుండా రాశానండీ" అనే వాక్యం నా నోట్లో బాగా నలిగి నున్నబడింది. చివరికి వచ్చేసరికి దాన్ని చెప్పడం ఏమంత కష్టంగా లేదు.

చిట్టచివరి ఇల్లు ఒక రెండెకరాల రైతుది. మమ్మల్ని చూడగానే మంచం వాల్చాడు. మజ్జిగ ఇప్పించాడు. కాగితం అడిగితే లోపలికి పోయి, దేవుడి గూట్లో దీపం పక్కనుంచి తీసి, రెండు చేతులతో ఇచ్చాడు. మడత కూడా నలగలేదు. మిరప వెయ్యవద్దని నా చేత్తో రాసిన కాగితం.

"మీరు వద్దన్నారు గదా బాబూ, నారు పీకి పక్కాయనకిచ్చేశా. జొన్న చల్లా."

ఇంటి పక్కనే చేను. కంచెకి అవతల పక్కాయన చేలో మిరప మొక్కలు జానెడెత్తున పచ్చగా ఉన్నాయి. ఈయన నారే అది.

నేను నా నున్నటి వాక్యం చెప్పాను.

"పోన్లే బాబూ," అన్నాడు. "పనన్నాక పొరపాట్లు జరుగుతయ్యి. కావాలని చేస్తారా ఎవరన్నా?"

అక్కడితో ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోమనే అంటున్నాడు. అటెండరు గ్లాసు కింద పెట్టి నా వైపు చూడటం నాకు తెలుస్తూనే ఉంది.

"పొరపాటు కాదండీ," అన్నాను. "చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసే, చేసినట్టు రాశాను."

ఆయన కాసేపు అర్థం కానట్టు చూశాడు. "ఎందుకూ?" అని అడిగాడు.

మందు రాలేదనీ, కమిటీ వస్తోందనీ, ప్రిన్సిపాలు గారు తొందర పెట్టారనీ మిగతా ఇళ్ళన్నిటిలోనూ చెప్పిన జవాబు ఉంది నా దగ్గర. అక్కడ అందులో ఒక్క ముక్క బయటికి రాలేదు.

"నారు పీకొద్దని మొత్తుకోలా నేను?" అని లోపల్నుంచి ఆయన భార్య గట్టిగా అంది.

"నువ్వూరుకో," అన్నాడాయన. మాతో, "మళ్ళా తీసుకుంటారా మన్ను? తీసుకోండి," అన్నాడు. పార తెచ్చి గట్టు మీద పెట్టాడు. తను తవ్వలేదు. మొదటిసారి తనే తవ్వి, గడ్డలు చిదిపి, పొట్లం కట్టి ఇచ్చాడని మా విద్యార్థులు చెప్పారు. ఈసారి దూరంగా నిలబడి చూశాడు. అటెండరు తవ్వాడు.

అది మిరపకి మంచి నేల. నేను వెళ్ళిన పొలాలన్నిటిలోనూ అంతకన్నా మంచిది లేదు. ఆ ఫలితం రాసి తీసుకెళ్ళి ఇస్తే ఆయన చదవలేదు. చొక్కా జేబులో పెట్టుకుని, "సరేనండి," అన్నాడు. ఆ రోజు బాబూ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారి మెత్తగా ఉంటే సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ వచ్చాం.

"ఆ రోజు ప్రిన్సిపాలు గారి గదిలో నువ్వు నిజం ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న ప్రశ్న.

"చెప్తే నమ్మేవాళ్ళేనా అండీ?"

నాకు జవాబు తెలుసు. కాస్త దూరం పోయాక, "ఇప్పుడు చెప్పు. నేను నమ్ముతాను," అన్నాను.

అతను సైకిలు చక్రానికి అంటుకున్న రేగడి ముద్దని పుల్లతో గీకి పారేశాడు.

"ఇప్పుడు చెప్పడానికేముందండీ. అందరికీ మీరే చెప్పారు గదా."

నా ఫైల్లో ప్రిన్సిపాలు గారు ఒక వాక్యం రాసి మూసేశారు. అతను మళ్ళీ పనిలో చేరాడు. ఆ కాలేజీలో నేను ఇంకో తొమ్మిదేళ్ళున్నాను. మన్ను పరీక్షలు ఆపలేదు. ఊళ్ళవాళ్ళు మెల్లమెల్లగా నిజమైన పేర్లే చెప్పడం మొదలుపెట్టారు. ఆ తొమ్మిదేళ్ళూ, నేను సిల్వర్ నైట్రేట్ సీసా మూత తియ్యగానే, అతను చేతిలో పని ఏదున్నా పక్కన పెట్టి, వచ్చి నా భుజం దగ్గర నిలబడేవాడు. చుక్క పడి, తెల్లబడిందో లేదో కళ్ళారా చూసి వెళ్ళేవాడు. ఎందుకలా చూస్తావని నేను అడగలేదు. కాస్త పక్కకి జరిగి, ట్యూబు అతనికి కనబడేలా వెలుతురులో పట్టుకునేవాణ్ణి.